మట్టి చదువు, ఇనుము చదువు

ఈదమ్మ గడప మీది నుంచి లేవలేదు.

పొద్దున పాలు పితికే వేళకు వచ్చి కూచున్న మనిషి. ఎండ వాకిలి దాటి, మెట్టెక్కి, ఆమె పాదాల మీదికి వచ్చింది. అయినా కాళ్లు ముడుచుకోలేదు. ఇటు ద్వారబంధానికి వీపు ఆనించి, అటు ద్వారబంధం దాకా కాళ్లు చాపి, దారికి అడ్డంగా కూచుంది. కొత్త నౌకరికి పోయే శ్రీపాల్ ఆ ఇంట్లోంచి బయటపడాలంటే మేనత్తను దాటాలి.

దొడ్డి తలుపు ఉంది. కాని కొడుకు మొట్టమొదటి నౌకరికి దొడ్డిదారిన బయలుదేరడం ఎంకమ్మకు ఇష్టం లేదు. ఆ సంగతి ఈదమ్మకు బాగా తెలుసు. ముండమోసి, చంకలో కొడుకుతో అన్న ఇల్లు చేరిన నాటి నుంచి ఆమె, వదిన ఒకే పొయ్యి మీద వండారు. ఒకరి పట్టింపు ఒకరికి తెలియకుండా ఎట్లా ఉంటుంది?

"ఆడిబిడ్డా, లెవ్వు. జీపొచ్చే యాళ్లయితాంది," అంది ఎంకమ్మ లోపలి నుంచి.

"రానీ."

"ఊరోళ్లు జూస్తున్నరు."

"సూడనీ. నా కొడుకు మీదికి నీ కొడుకు రోడ్డేస్కపోతుంటె సూడరా మరి?"

సక్కుబాయి వంటింట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ వింది. గడప మీద కూచున్నది అత్తగారు, పైగా మేనత్త. జవాబు చెబుతున్నది కన్నతల్లి. రోడ్డు వేయబోతున్నవాడు తోడబుట్టిన అన్న. ఆ రోడ్డు చివర, రాచకొండ గుట్టల్లో ఎక్కడో తలదాచుకున్నవాడు ఆమె మొగుడు సంజీవ. ఎవరి పక్షాన మాట్లాడినా ఇంకొకరి గుండె మీద కాలు పెట్టినట్టే. అందుకని ఆమె కాయ తర్వాత కాయ తీసుకుని, ఈనె తీసి, తుంచి, గిన్నెలో వేస్తూ కూచుంది.

పోలీస్ యాక్షన్ అయిపోయి ఇది రెండో ఎండాకాలం. రజాకార్లు పోయారు, ఇక సంఘంలో చేరి గుట్టలెక్కినవాళ్లందరూ ఇళ్లకు వస్తారని ఊరు అనుకుంది. కొందరు వచ్చారు. సంజీవ రాలేదు. ఇప్పుడు తామీరాత్ వాళ్లు, అంటే సర్కారు రోడ్లూ చెరువులూ చూసే వాళ్లు, ఇబ్రహీంపట్నం నుంచి ఆరుట్ల మీదుగా గుట్టల్లోకి లారీలు పోయే రోడ్డు వేస్తున్నారు. ఆ లారీల్లో పోయేది పోలీసులేనని చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఆ రోడ్డుకు గీత గీసే నౌకరి శ్రీపాల్‌కు వచ్చింది.

*

అదను చూసుకుని వచ్చినట్టు పక్కింటి భిక్షం వాకిట్లోకి వచ్చాడు. ఆయన మనవడు పట్నంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. గడప మీది మనిషిని చూసీ చూడనట్టు అరుగు మీద కూచుని, లోపలికి తొంగి చూశాడు.

"ఏం అంజిలయ్యా, ఇంజినీరు సాబు తయారయిండా?"

సక్కుబాయి తండ్రి అంజిలయ్య నులకమంచం మీద కూచుని ఉన్నాడు. చెరువు కట్టల మరమ్మతు గుత్తలు పట్టి, తామీరాత్ సాబుల వెనక గొడుగు పట్టుకుని తిరిగి పెరిగిన మనిషి. ఆ గొడుగు కింద నిలబడే సాబు తన ఇంట్లో పుట్టాలని కోరుకున్నాడు. కొడుకునూ మేనల్లుణ్నీ ఇద్దర్నీ ఇంజనీరింగు కాలేజీలో చదివించాడు. ఈ రోజు కోసమే అంత కష్టపడ్డాడు. తీరా ఆ రోజు వస్తే మంచం దిగలేకపోతున్నాడు.

భిక్షం శ్రీపాల్ వైపు తిరిగాడు. "జర ఒక్క మాట జెప్పు బిడ్డా. మా పోరన్ని గూడ మీ కాలేజీలనే ఏద్దామని. అండ్ల మూడు తీర్ల సదువులున్నయంట గదా. ఏది సదివితె కొలువొస్తది? మట్టిదా, మిషన్లదా, కరెంటుదా?"

శ్రీపాల్ చొక్కా గుండీ పెట్టుకుంటూ ఆగిపోయాడు. గడప మీద అత్త కనిపిస్తోంది. ఆమె తల తిప్పలేదు గాని, చెవి ఇటే ఉంది.

"కరెంటు సదివినోళ్లు పట్నం దాటి పోరు పెద్దయ్యా. కరెంటున్న ఊరు అదొక్కటే గద. మా తోటి ఒకడు పవర్‌హౌస్‌ల జొరబడ్డడు. ఆ వెనక సదివినోళ్లు ఖాళీగనే ఉన్నరు."

"మరి మిషన్లది?"

శ్రీపాల్ మళ్లీ గుండీ అందుకున్నాడు.

"నన్నడుగు నేను జెప్త," అంది ఈదమ్మ, వాకిలి వైపే చూస్తూ. "మిషన్లది సదివితె పట్నంల మిల్లు గేట్ల కాడ నిలవడాలె. ఒక్క మిల్లుకు ఒక్కడే ఇంజినీరుంటడు. ఆడు ముసలోడై సచ్చేదాక ఇంకోనికి జాగ లేదంటరు. రైలు కార్ఖానకు బోతె రేపు రమ్మంటరు. చక్కెర మిల్లుకు బోతె ఇంగిలీషు మాట్లాడమంటరు. ఉర్దూల సదివినోనికి ఇంగిలీషు యాడికెల్లొస్తది? ఇంటికొచ్చి చెరుకు గానుగలు బాగుచెయ్యాలె. ఆఖరికి తుపాకులు బాగుచెయ్యాలె. మీ పోరన్ని ఏస్తవా భిక్షమన్నా?"

భిక్షం కండువా సర్దుకున్నాడు. "గట్ల గాదు ఈదమ్మా, నేను ఊకె అడిగిన."

"ఊకె అడగకు. మట్టిదే సదివియ్యి. లొల్లి నడిచినన్ని దినాలు రోడ్లు ఏస్తనే ఉంటరు. ఏం శ్రీపాలూ, అంతేనా?"

"అంతే అత్తా," అన్నాడు శ్రీపాల్ మెల్లగా.

"లొల్లి బందైతె?"

"చెరువులుంటయి."

ఎగతాళిగా అడిగిన మాటకు వాడు నిజమే చెప్పాడు. దానితో ఆమెకు కోపం ఇంకా పెరిగింది. భిక్షం ఇక కూచోలేక, ఎండ ముదురుతోందని చెప్పి లేచి పోయాడు.

*

భిక్షం వీధి మలుపు తిరిగేదాకా ఆగి, ఈదమ్మ ఈసారి అన్న వైపు తిరిగింది.

"అన్నా, ఒక్క మాట. ఇద్దర్ని ఒక్క తీరుగనే సూసిన అని ఊరంత చెప్పుకుంటవ్. ఒక్క తీరుగ సూసినోనివి నీ కొడుక్కు మట్టి, నా కొడుక్కు ఇనుము ఎందుకిచ్చినవ్?"

అంజిలయ్య కళ్లు మూసుకున్నాడు.

"తండ్రి లేనోడు. ఏది సదవాల్నో వానికి తెల్వదు, నాకు తెల్వదు. నువ్వే జెప్పినవ్. తామీరాత్ సాబుల ఎనక తిరిగినోనికి నీకు తెల్వదా, యాడ కొలువున్నదో?"

"ఈదమ్మా," అంది ఎంకమ్మ. గొంతు మారింది. చేతిలో ఉన్న చెంబు కింద పెట్టి వచ్చి, నడింట్లో నిలబడింది. "ఇన్ని దినాలు నోరు మూస్కున్న. ఇయ్యాల నువ్వే తెరిపిస్తున్నవ్. ఆయన జెప్పడు, నేను జెప్త విను."

"ఎంకీ, వద్దు," అన్నాడు అంజిలయ్య.

"ఎందుకొద్దు? దినాం ఈ మాట మనం పడుకుంట బతకాల్నా? ఆడిబిడ్డా, నీకు యాదికున్నదా, శ్రీపాలు చిన్నగున్నప్పుడు బియ్యం గిర్నీ కాడికి బోతె ఇంటికొస్తుండెనా? ఆ ఇంజన్ సప్పుడు వింటె బువ్వ గూడ వద్దంటుండె. మిషన్ల సదువు సదువుత బాపూ అని కాళ్లు వట్టుకొని ఏడ్సిండు. నీ కొడుకేమో వానొస్తె వాకిట్ల మట్టి కట్టలు గడుతుండె. మీ అన్న ఇద్దర్ని మార్చిండు. ఎందుకు మార్చిండో తెలుసా?"

ఈదమ్మ వదిన వైపు తల తిప్పింది.

"మట్టి సాబులు డేరాలల్ల పండుకుంటరు, చలిజరంతోని వణుకుతరు, రైలు కార్ఖాన సాబులకు బంగ్లాలుంటయి, ఇంట్లనే నల్లా ఉంటది అని జెప్పిండు. ఇనుమే మంచిది, అది అల్లునికియ్యాలె అన్నడు. మంచిది కొడుక్కిచ్చుకొని, తండ్రి లేని మేనల్లునికి మన్ను కొట్టిండంటరు, నలుగురిల తలెత్తుకోలేను అన్నడు. నా కొడుకు మూడు దినాలు అన్నం ముట్టలె. నేను గూడ వాన్నే కొట్టిన, మొండికేస్తున్నవని."

కొట్టంలో ఎద్దు మెడగంట ఒకసారి మోగి ఆగింది.

సక్కుబాయి వేళ్లు చిక్కుడుకాయ మీదే నిలిచిపోయాయి. ఈ సంగతి ఆమెకు తెలియదు. మొగుడు ఏనాడూ చెప్పలేదు. పెళ్లయిన కొత్తలో చెరువు అలుగు చూపిస్తూ అతను గంటసేపు మాట్లాడాడు. నీళ్లు కట్టను ఎక్కడ నెడతాయో, అక్కడ రాళ్లు ఎట్లా పేర్చాలో. మిషన్లు చదివే మనిషి చెరువు గురించి ఇంత ముచ్చట ఎందుకు చెబుతున్నాడా అని ఆమె అప్పుడు నవ్వుకుంది. ఇప్పుడు ఆ అలుగూ, ఆ ముచ్చటా గుర్తుకొచ్చి కళ్లు మండాయి.

ఈదమ్మ అన్నను చూసింది. మళ్లీ వాకిలి వైపు తిరిగింది.

కాని గడప మీది నుంచి లేవలేదు.

*

"సక్కూ, జర ఇటు రా," అని శ్రీపాల్ దొడ్లోకి పిలిచాడు.

కొట్టం నీడలో సన్నటి కర్రలు పరిచి ఉన్నాయి. గీత గీసేటప్పుడు దూరానికి కనబడేలా పాతే కర్రలవి. ఒక్కోదానికీ పైన ఎర్ర జెండా కట్టాలి.

"జెండాలు దఫ్తర్ల లేవన్నరు. దొరికినయి కట్టుకొమ్మన్నరు. ఎర్ర గుడ్డ ఏమన్న ఉన్నదా?"

సక్కుబాయి అన్న ముఖంలోకి చూసింది. ఈ కాలంలో ఎర్ర గుడ్డ ఇంట్లో ఉందా అని అడగడం ఎంత ప్రమాదమో వాడికి తెలియకపోలేదు. ఊళ్లో ఎర్ర చీర ఆరేయడానికి కూడా ఆడవాళ్లు భయపడుతున్నారు.

"ఎర్రదే గావాల్నా?"

"గుట్టల మీద ఆకు పచ్చగుంటది. తెల్లది బండల్ల కలిసిపోతది. ఎర్రదైతెనే దూరం నుంచి అగుపిస్తది."

ఆమె లోపలి అర్రలోకి పోయి, జొన్నల గుమ్మిలో భుజం దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి ఒక మూట లాగింది. ఇల్లు సోదా చేసిన రోజు పోలీసులు ఈ గుమ్మిలో ఇనుప చువ్వ దింపి కలిపారు. చువ్వకు గుడ్డ తగిలినా తెలియలేదు. సంజీవ వెళ్లేటప్పుడు దాచమని ఇచ్చిన సంఘం జెండా అది.

ఆమె తెచ్చి పరిచింది. శ్రీపాల్ చూసి, వెంటనే దొడ్డి తలుపు వైపు చూశాడు.

"సక్కూ."

"ఇంట్ల ఉంటె ఎప్పటికైనా పానం మీదికొస్తది. కత్తెర తెస్త ఉండు."

జెండాను నిలువునా కత్తిరించింది. మధ్యలో ఉన్న గుర్తును సన్నటి పేలికలుగా కోసి పక్కన పడేసింది. మిగిలిన ముక్కల అంచులు మడిచి కుట్టడం మొదలుపెట్టింది. అన్న ఎదురుగా గొంతుకూచుని కర్రలకు దారం చుడుతున్నాడు.

"అవ్వ జెప్పింది నిజమేనా? నువ్వు ఏడ్సినవా?"

"ఇప్పుడెందుకది."

"ఆయనకు తెలుసా?"

"తెలుసు. హాస్టల్ల బావే అన్నడు. నా కితాబులు నువ్వు సదువు, నీ కితాబులు నేను సదువుత, పరీక్ష మటుకు ఎవలిది వాళ్లం రాద్దాం అని." శ్రీపాల్ నవ్వబోయాడు. "రోడ్డు కింద నీళ్లు పోయే మోరీల లెక్కలన్నీ బావే నేర్పిండు నాకు. ఈ నౌకరి కోసం నన్ను వాళ్లడిగింది గూడ మోరీ గురించే."

సక్కుబాయి పళ్లతో దారం తెంపింది.

"ఈ నౌకరి ఒద్దనరాదా అన్నా?"

"ఒద్దంటె ఇంకోడొస్తడు. పట్నంల వందమంది ఉన్నరు. మద్రాసు దిక్కు నుంచి గూడ వస్తున్నరు, ఇంగిలీషు మస్తు మాట్లాడతరు. వాళ్లు రోడ్డు ఏస్తనే ఉంటరు. నాకైతె..." ఆగాడు. "నాకైతె గీత నా చేతుల ఉంటది."

అతని మాట ఆమెకు అర్థమైంది. అర్థమైనట్టు చూపించలేదు. మొగుడి పేరు ఆమె నోటితో అనదు. ఊళ్లో ఏ ఆడమనిషీ అనదు. అతను ఎక్కడ ఉన్నాడని అన్న ఈ రోజు వరకూ అడగలేదు. అడిగితే తెలుస్తుంది. తెలిస్తే, రేపు ఎవరన్నా అడిగినప్పుడు తెలియదని అబద్ధమాడాలి. ఆ సంగతి మీద ఇద్దరూ ఎప్పుడో, మాట అనుకోకుండానే, ఒడంబడిక చేసుకున్నారు.

"గీత ఎటు బోతది?" అంది ఆమె, కుట్టు మీదే కళ్లుంచి.

"ఆరుట్ల దాటినంక రెండు దార్లున్నయి. ఒకటి తంగేడు ఒర్రె పొంటి. ఇంకోటి ఎలుగు గుండు బండ పక్క నుంచి. ఒర్రె పొంటి బోతె దగ్గర. కాని నీళ్లుండాలె. మొరం తడిపి తొక్కియ్యాలె, కూలోళ్లు తాగాలె. నీళ్లు యాడున్నయో గది జూసి గీత గియ్యమన్నరు."

సూది ఆమె వేలికి గుచ్చుకుంది.

సంజీవ ఆ వాగులోనే, తంగేడు ఒర్రెలో ఉన్నాడని ఆమెకు కబురు అందింది. చెరువు చేపలు గంపకెత్తుకుని గుట్టల మీది తండాల్లో అమ్మే లింగస్వామి, పోయిన సంత నాడు చేపలు తూస్తూ ఆమెకు చెప్పాడు. ఒర్రె పైన, తంగేడు పొదల వెనక. జ్వరం వచ్చి తగ్గిందని కూడా చెప్పాడు.

"తంగేడు ఒర్రె ఎండిపోయి ఉంటది," అంది ఆమె. "సీతాఫలాలకు పోయినప్పుడు జూసిన. ఎలుగు గుండు కిందనైతె ఊట ఉన్నది. ఎంత ఎండకైనా ఇంకది."

శ్రీపాల్ దారం చుట్టడం ఆపాడు. తలవంచిన చెల్లెలి పాపిట వైపు చూశాడు. ఏప్రిల్ ఎండలో ఒర్రె ఎండిందో లేదో సీతాఫలాల కాలంలో చూసిన మనిషి ఎట్లా చెబుతుంది? అతను అది అడగలేదు.

"మంచిగ జూసినవా? ఊట ఉన్నది గద?"

"ఉన్నది."

"ఆ దిక్కైతె దూరం ఎక్కువైతది. పెద్ద సాబు కోపం జేస్తడు."

"చెయ్యనీ."

"సరే," అన్నాడు శ్రీపాల్. "నీళ్లు లేని కాడ రోడ్డెట్ల ఏస్తం. ఎలుగు గుండు దిక్కే పోత."

ఆమె కుట్టిన జెండాలన్నీ అతను ఒక్కొక్కటే కర్రలకు కట్టాడు. సక్కుబాయికి ఎన్నో నెలల తర్వాత ఊపిరి గుండె నిండా అందినట్టనిపించింది. లేచి వెళ్లి రొట్టెలు కాల్చింది. చిక్కుడుకాయ కూర, రొట్టెలు ఎర్రంచు తువ్వాలలో మూటకట్టి అన్నకు సద్దిగా సాయబాన్ వసారాలో పెట్టింది.

*

పొద్దున రావలసిన జీపు వచ్చేసరికి పొద్దు వాలింది. అందులో తుపాకులు పట్టుకున్న పోలీసులు ఇద్దరున్నారు. దిగలేదు. ఇంజను ఆపలేదు.

శ్రీపాల్ జెండా కర్రలు, కొలత గొలుసు తీసుకుని గడప దగ్గరికి వచ్చాడు. ఈదమ్మ కదల్లేదు. వాడు సామాను కింద పెట్టి, ఆమె కాళ్ల దగ్గర కూచున్నాడు.

"అత్తా. నువ్వు వద్దను, నేను పోను. నీ మీద ఒట్టు. రేపటి నుంచి నేను గూడ మిల్లు గేట్ల కాడ నిలవడత. ఇద్దరు ఇంజినీర్లున్న ఇంట్ల ఒక్క నౌకరి లేకుంటె లేకపాయె. నువ్వు అను."

ఈదమ్మ వాడి ముఖం చూసింది. ఎంకమ్మకు పాలు పడనప్పుడు తన కొడుకుతో పాటు ఈ పిల్లవాడికీ చన్నిచ్చిన మనిషి ఆమె. పెదవులు బిగబట్టింది. వద్దు అన్న మాట ఆమె నోటి దాకా వచ్చిందని అందరికీ కనిపించింది. అది బయటికి రాలేదు.

కాళ్లు మెల్లగా ముడుచుకుంది.

శ్రీపాల్ గడప దాటాడు. బాపు వైపు తిరిగి చూశాడు. అంజిలయ్య మంచం మీది నుంచి లేచి, అటూ ఇటూ వెతికి, మూలనున్న పాత నల్ల గొడుగు తీసుకుని కొడుకు చేతికిచ్చాడు. ఒకప్పుడు సాబుల తల మీద పట్టిన గొడుగు.

జీపు కదిలింది. వెనక కర్రల కట్ట మీద ఎర్ర జెండాలు గాలికి కొట్టుకుంటూ చెరువు కట్ట వైపు పోయాయి.

ఎంకమ్మ ఏడుస్తూ లోపలికి పోయింది. సక్కుబాయి అత్త పక్కన గడప మీదే కూచుంది. నౌకరి కబురు వచ్చినప్పటి నుంచి, వారం రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు. ఇప్పుడు ఆమెకు మాట్లాడాలనిపించింది. ఒక మంచి మాట ఆమె దగ్గర ఉంది, అది అత్తకు చెందాలి.

"అత్తా, ఫికర్ జెయ్యకు," అంది చెవి దగ్గర. "రోడ్డు తంగేడు ఒర్రె దిక్కు పోతలేదు. అన్నతోని నేను జెప్పిన. ఎలుగు గుండు దిక్కు పోతది."

ఈదమ్మ తల తిప్పింది. ముఖంలో ఉన్న రక్తమంతా దిగిపోయింది.

"ఎటు దిక్కు?"

"ఎలుగు గుండు దిక్కు. ఆడ ఊట ఉన్నదని..."

"ఊట ఉన్నదనే గదనే," అంది ఈదమ్మ. "ఊట ఉన్నదనే వాన్ని ఆడికి పొమ్మన్న. ఒర్రె పొంటి రోడ్డొస్తదని ఊర్ల అనుకుంటుంటె విన్న. లింగస్వామితోని కబురంపిన. నిన్ననే తిరిగొచ్చి జెప్పిండు, అందరు ఎలుగు గుండు కిందికి జరిగిండ్రని. ఇయ్యాల పొద్దుగాల వానితోనే మందు బిళ్లలు పంపిన."

సక్కుబాయికి ఆ మాటలు ఒకటొకటిగా చేరాయి.

"నాకు జెప్పలేదేందత్తా?"

"నువ్వు ఇంజినీరు చెల్లెవు."

అందులో కోపం లేదు. పొద్దున కూరలో ఉప్పు వేశానన్నట్టు చెప్పింది. తను మాత్రం అత్తకు చెప్పిందా? అనుకుంది సక్కుబాయి. గడప మీద కూచుని ఊరంతా వినేలా మాట్లాడే మనిషికి చెబితే వాడల్లో పడుతుందని భయపడి, తనూ దాచింది.

"ఆ జెండాలు," అంది ఈదమ్మ కాసేపటికి. "ఆ గుడ్డ గుమ్మిలదేనా?"

"అవ్."

"దూరం నుంచి ఎర్రగుడ్డ అగుపిస్తె వాడేమనుకుంటడే? మనోళ్లొచ్చిండ్రనుకుంటడు. ఎదురొస్తడు."

సక్కుబాయి లేచి నిలబడింది. ఎందుకు లేచిందో తెలియకుండానే లేచింది. అప్పుడు ఆమె కంటికి సాయబాన్లో ఎర్రంచు తువ్వాల మూట కనిపించింది. గొడవలో శ్రీపాల్ సద్ది మరిచిపోయాడు. దాన్ని అందుకుని వాకిట్లోకి దిగింది.

"యాడికే?" అంది తల్లి లోపలి నుంచి.

"అన్న సద్ది మరిసిండవ్వా."

"జీపెనక ఉరుకుతవా? పిచ్చిదానా."

ఆమె అప్పటికే వీధిలో ఉంది.

*

చెరువు కట్ట మీద నడుస్తుంటే నీళ్లలో ఎరుపు దిగుతోంది. జీపు దుమ్ము ఇంకా గాల్లోనే ఉంది. కట్ట దిగినచోట బాట రెండుగా చీలుతుంది. వెడల్పాటి బండ్లబాట ఆరుట్లకు. గుట్టలకు అడ్డదారిన పోయే సన్నటి కాలిబాట ఎడమకు. సక్కుబాయి అక్కడ ఆగింది.

ఈ రాత్రికి అన్న ఆరుట్ల డేరాలో ఉంటాడు, తెల్లారితే గీత గీయడానికి బయలుదేరతాడు. పక్కన పోలీసులుంటారు. వాళ్ల ముందు ఏమని చెప్పాలి, గీత మార్చు అంటే ఎందుకని అడగరా? గుట్టలకు పోతే మొగుణ్ని ముందే లేపి పంపెయ్యొచ్చు. కాని చీకట్లో, ఒంటరిగా, ఎప్పుడో సీతాఫలాలకు పోయిన దారిలో తెల్లారేలోగా చేరగలదా? చేరలేకపోతే రెండూ పోతాయి.

వెనక ఎవరో నడిచి వస్తున్న చప్పుడైంది. ఈదమ్మ. చెప్పుల్లేవు. పొద్దుగూకితే ఆమెకు చూపు ఆనదు. అందుకే ఒక చెయ్యి ముందుకు చాపి, కాలితో నేలను తడుముతూ వస్తోంది.

"అత్తా, నువ్వెందుకొచ్చినవ్? నీకు కండ్లు అగుపియ్యవు."

"బండ్లబాటకు కండ్లెందుకు, కాళ్లకు తెలుస్తది." ఈదమ్మ ఆయాసపడుతూ వచ్చి కోడలి భుజం పట్టుకుంది. "నేను శ్రీపాలు కాడికి పోత. నువ్వు గుట్టలకు పో. నీ కాళ్లు పడుచు కాళ్లు."

"పోలీసులుంటరు. అన్నతోని ఏం జెప్తవ్?"

"ఏం జెప్ప. వాని డేరా ముందల అడ్డంగ కూసుంట. ఇంట్ల గడప మీద కాళ్లు ముడుసుకున్న. ఆడ ముడువ. వానికి సమజైతది." కాసేపు ఊపిరి తీసుకుంది. "సద్ది సగం ఇటియ్యి."

సక్కుబాయి అక్కడే బాట మీద కూచుని మూట విప్పింది. రొట్టెల్ని రెండు భాగాలు చేసింది. కూర ఒక రొట్టె మీద పెట్టి, మడిచి, అత్త కొంగులో కట్టింది. వారం తర్వాత మొదటిసారి అత్త చెయ్యి ఆమె తల మీదికి వచ్చి, పాపిట తడిమి, ఆగింది.

"జర పైలం," అంది ఈదమ్మ.

ఇద్దరూ లేచారు. అప్పుడే ఎడమ బాట మీద, గుట్టల వైపు నుంచి ఒక మనిషి వస్తున్నాడు. నడకను బట్టి సక్కుబాయి పోల్చుకుంది.

"ఎవలే?" అంది ఈదమ్మ, చీకట్లోకి మెడ చాచి.

"లింగస్వామి."

అతను వాళ్లను చూసి ఆగిపోయాడు. తర్వాత మెల్లగా, ఒక్కో అడుగే వేస్తూ దగ్గరికి వచ్చాడు. పొద్దున చేపల గంపతో పోయిన మనిషి. ఇప్పుడు నెత్తి మీద గంప లేదు. తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు. అతని రెండో చేతిలో మందుబిళ్లల పొట్లం, ఈదమ్మ పంపినది, విప్పకుండా అట్లాగే ఉంది.

సక్కుబాయికి అది కనిపించింది. ఈదమ్మకు కనిపించలేదు.

"ఏం లింగన్నా," అంది ఈదమ్మ. "మందు ఏసుకున్నడా వాడు?"

లింగస్వామి సక్కుబాయి ముఖంలోకి చూసి, తల అడ్డంగా ఊపాడు.